ఫిర్యాదు ఎంత దూరం వెళ్లింది: ఫిలిప్స్ కంపెనీపై ఒక కేస్ స్టడీ

ఆస్పత్రికి సీటీ స్కానర్ కొనాలంటే రెండు మూడు కంపెనీల వాళ్లు వచ్చి స్లైడ్లు చూపిస్తారు. ఎన్ని స్లైసులు, ఎంత వేగం, రేడియేషన్ ఎంత తక్కువ. డాక్టర్లు ఇమేజ్ చూస్తారు, మేనేజ్‌మెంట్ ధర చూస్తుంది. ఆస్పత్రి మిషన్ల బాగోగులు చూసుకునే బయోమెడికల్ ఇంజనీరుగా నేను అడిగేవి వేరే రెండు ప్రశ్నలు. రాత్రి రెండింటికి మిషన్ ఆగిపోతే నా ఫోన్ ఎవరు ఎత్తుతారు? వాళ్లకు నేను చెప్పిన మాట ఆ మిషన్‌ని డిజైన్ చేసినవాళ్ల దాకా వెళ్తుందా?

మొదటిదానికి సేల్స్ వాళ్లు వెంటనే జవాబిస్తారు. రెండోదానికి జవాబు కంపెనీ చరిత్రలో వెతుక్కోవాలి. హైదరాబాద్ ఆస్పత్రుల్లో పందొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తూ నేను అర్థం చేసుకున్నది అదే. అందుకే ఫిలిప్స్‌ని కేసుగా తీసుకున్నాను. ఆ కంపెనీతో నాకు ఉద్యోగ సంబంధం లేదు. దాని మిషన్లూ చూశాను, పోటీదారుల మిషన్లూ చూశాను. అయితే ఇంట్లో బల్బు నుంచి ఐసీయూలో మానిటర్ దాకా అన్నీ చేసి, ఆ తర్వాత సగానికి పైగా వదిలేసి వైద్య పరికరాల మీద నిలబడ్డ కంపెనీలు ప్రపంచంలో చాలా తక్కువ. ఈ 130 ఏళ్ల కథలో వాడేవాళ్ల మాట ఫ్యాక్టరీకి చేరిన సందర్భాలూ ఉన్నాయి, చేరని సందర్భాలూ ఉన్నాయి. రెండూ మాలాంటి వాళ్లకు పాఠాలే.

ఐండ్‌హోవెన్‌లో ఒక పాత మిల్లు

1891లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ అనే చిన్న ఊళ్లో, ఖాళీగా పడి ఉన్న ఒక బట్టల మిల్లు భవనాన్ని కొని గెరార్డ్ ఫిలిప్స్ కార్బన్ ఫిలమెంట్ బల్బుల తయారీ మొదలుపెట్టాడు. డబ్బు పెట్టింది ఆయన తండ్రి ఫ్రెడరిక్, జాల్ట్‌బొమ్మెల్ అనే ఊళ్లో బ్యాంకు నడిపే మనిషి. ఈ ఫ్రెడరిక్‌కి కార్ల్ మార్క్స్ దగ్గరి చుట్టం, వాళ్ల అమ్మలు అక్కచెల్లెళ్లు.

మొదటి మూడేళ్లు నష్టాలే. 1894లో ఫ్యాక్టరీ అమ్మేద్దామనే ఆలోచన కూడా చేశారు. 1895లో ఇరవై ఏళ్ల తమ్ముడు ఆంటన్ వచ్చి అమ్మకాలు చూసుకోవడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. గెరార్డ్ ల్యాబ్ మనిషి, ఆంటన్ తిరుగుడు మనిషి. 1898లో ఆంటన్ రష్యా నుంచి టెలిగ్రాం కొట్టాడు: జార్ చక్రవర్తి వింటర్ ప్యాలెస్ కోసం 50,000 బల్బుల ఆర్డర్. అంకెలో పొరపాటు జరిగిందనుకుని గెరార్డ్ మళ్లీ అడిగితే, ఆంటన్ జర్మన్, ఫ్రెంచ్, ఇంగ్లీషు మూడు భాషల్లోనూ 'యాభై వేలు' అని రాసి పంపాడట. కంపెనీ చరిత్రలో ఎక్కువగా చెప్పుకునే కథ ఇది. నాకు ఇందులో నచ్చేది ఆర్డర్ పరిమాణం కాదు. అమ్మేవాడికీ చేసేవాడికీ మధ్య ఒక్క టెలిగ్రాం దూరమే ఉండేది. కంపెనీ పెద్దదయ్యే కొద్దీ ఆ దూరం పెరిగింది.

ఇంకో సంగతి చెప్పాలి. 1869 నుంచి 1912 దాకా నెదర్లాండ్స్‌లో పేటెంట్ చట్టమే లేదు. ఎడిసన్ తరహా బల్బుని ఎవరి అనుమతీ అడగకుండా, ఎవరికీ రాయల్టీ కట్టకుండా చేసుకునే వీలు గెరార్డ్‌కి ఉండేది. 1912లో చట్టం తిరిగి వచ్చాక సొంతంగా కనిపెట్టక తప్పలేదు. 1914లో గిల్లెస్ హోల్‌స్ట్ అనే భౌతిక శాస్త్రవేత్తను పెట్టుకుని నాట్‌ల్యాబ్ అనే పరిశోధనశాల తెరిచారు. ముందు పేటెంట్ అడ్డం లేకుండా ఎదగడం, చట్టం వచ్చాక సొంత పరిశోధనకు దిగడం: మన దేశంలో మందుల కంపెనీల కథ తెలిసినవాళ్లకు ఈ క్రమం కొత్తగా అనిపించదు.

పగిలిన ఎక్స్‌రే ట్యూబు

ఫిలిప్స్ వైద్యరంగంలోకి ఎలా వచ్చిందన్నది నేను మా జూనియర్లకు ప్రతిసారీ చెప్పే కథ.

మొదటి ప్రపంచ యుద్ధంలో నెదర్లాండ్స్ తటస్థంగా ఉంది. డచ్ ఆస్పత్రుల్లో ఎక్స్‌రే ట్యూబులు జర్మనీవి. పోతే రిపేరుకి అక్కడికే పంపాలి, యుద్ధం వల్ల ఆ దారి మూసుకుపోయింది. డాక్టర్లు ఐండ్‌హోవెన్ బల్బుల ఫ్యాక్టరీ తలుపు తట్టారు. గాజు ఊదడం, లోపలి గాలి లాగేసి శూన్యం చేయడం, లోహపు తీగని గాజులో అతికించడం బల్బుకీ ఎక్స్‌రే ట్యూబుకీ సమానమే. ముందు రిపేర్లు చేశారు, 1918లో సొంత ట్యూబు చేశారు. తర్వాత ఆల్బర్ట్ బౌవర్స్ అనే ఇంజనీరు మెటాలిక్స్ ట్యూబు తయారుచేశాడు. ఆ రోజుల్లో మామూలు ట్యూబు నుంచి కిరణాలు అన్ని వైపులా చిమ్మేవి, పక్కన నిలబడ్డ డాక్టరుకీ టెక్నీషియనుకీ చేతులు కాలిపోయేవి. బౌవర్స్ ట్యూబు మధ్యభాగాన్ని లోహంతో చేసి, చుట్టూ కవచం పెట్టి, కిరణం కావలసిన చోటికి మాత్రమే వెళ్లేలా చేశాడు. 1929లో ఆయనే తిరిగే యానోడ్ (ఎలక్ట్రాన్లు వచ్చి తగిలే లోహపు భాగం) ఉన్న రొటాలిక్స్ ట్యూబు తెచ్చాడు. ఎలక్ట్రాన్లు ఒకే చోట పడి లోహం కరిగిపోకుండా యానోడ్‌ని తిప్పే ఆ పద్ధతే మన ఊళ్లోని సీటీ స్కానర్లలో ఈ రోజుకీ నడుస్తోంది. 1927లో హాంబుర్గ్‌లోని సి.హెచ్.ఎఫ్. ముల్లర్ అనే ఎక్స్‌రే కంపెనీని కూడా ఫిలిప్స్ కొనేసింది.

ఎక్స్‌రే వ్యాపారం ఒక వ్యూహపత్రం నుంచి పుట్టలేదు. ట్యూబు పగిలిందని డాక్టరు చెప్పుకున్న బాధ నేరుగా గాజు ఊదేవాళ్ల చెవిన పడింది, అక్కడి నుంచి పుట్టింది.

అదే పదేళ్లలో బల్బుల వైపు జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. 1924 చివర్లో ఆస్రామ్, ఫిలిప్స్ వంటి పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో ఫీబస్ అనే కూటమిగా కలిశాయి. మార్కెట్లు పంచుకోవడంతో పాటు బల్బు ఆయుష్షుని 1,000 గంటలకు పరిమితం చేశాయి. ఎక్కువ కాలం వెలిగే బల్బులు చేసిన సభ్యులకు జరిమానా ఉండేది. బల్బు పోతే ఇంకోటి కొంటారు, అదే వ్యాపారం. ఎక్స్‌రే ట్యూబు పోతే ఆ రోజు ఎంతమంది రోగులు వెనక్కి వెళ్లిపోతారో మాకు తెలుసు. ఒకే ఫ్యాక్టరీ, ఒకే నైపుణ్యం, వాడేవాళ్లతో రెండు రకాల సంబంధాలు. ఆ కంపెనీ ఆ రెండు సంబంధాలనూ దాదాపు వందేళ్లు పక్కపక్కన నడిపింది.

ఈ రోజుకీ మన ఆస్పత్రుల్లో మెయింటెనెన్స్ కాంట్రాక్టు రాసుకునేటప్పుడు ఎక్కువ బేరం సాగేది గాజు, శూన్యం దగ్గరే. ట్యూబు సీఎంసీలో (విడిభాగాల ఖర్చు కూడా కలిపే కాంట్రాక్టులో) కలుస్తుందా లేదా, వ్యాక్యూమ్ పార్టులు కలుస్తాయా లేదా, ఎంఆర్ఐ అయితే అయస్కాంతాన్ని చల్లగా ఉంచే హీలియం సంగతేమిటి, అల్ట్రాసౌండ్ అయితే ఒంటి మీద ఆనించే ప్రోబులు ఎవరి ఖర్చు. కొత్తగా ఆస్పత్రి పెట్టేవాళ్లకు ఒక్క మాట చెప్తాను. కొనే ధర కన్నా ముందు ఈ నాలుగు లైన్లు చదవండి.

ఎవరి మాట చెల్లాలి

1927లో రేడియోలు మొదలుపెట్టారు, 1932 నాటికి పది లక్షల సెట్లు అమ్మారు. 1930లో కలకత్తాలో ఆఫీసు తెరిచారు, 1938లో అక్కడే బల్బుల ఫ్యాక్టరీ పెట్టారు. మన తాతల కాలంలో వరండాలో బల్ల మీద పెట్టుకుని విజయవాడ కేంద్రం వార్తలు విన్న పెద్ద రేడియోల్లో ఎన్నో ఫిలిప్స్‌వే. 1939లో ఎలక్ట్రిక్ షేవర్ వచ్చింది. 1963లో బెర్లిన్ ప్రదర్శనలో లూ ఆటెన్స్ బృందం చేసిన ఆడియో క్యాసెట్ వచ్చింది. మన పల్లెల్లో బుర్రకథలూ హరికథలూ ఇంటింటికీ చేరింది ఆ క్యాసెట్ మీదే. సోనీతో కలిసి చేసిన సీడీ 1982లో వచ్చింది.

ఇంత గొప్ప ఆవిష్కరణలు చేసిన కంపెనీ 1990లో 400 కోట్ల గిల్డర్లకు (అప్పటి డచ్ కరెన్సీ) పైగా నష్టంతో కూలిపోయే స్థితికి ఎందుకు వచ్చింది? దానికి మూలం రెండో ప్రపంచ యుద్ధంలో ఉంది. జర్మన్లు నెదర్లాండ్స్‌ని ఆక్రమించగానే యాజమాన్యంలో ఎక్కువమంది అమెరికా వెళ్లిపోయారు. అక్కడి ఆస్తుల్ని ఒక ట్రస్టు కింద పెట్టారు. ఆంటన్ కొడుకు ఫ్రిట్స్ ఫిలిప్స్ మాత్రం ఐండ్‌హోవెన్‌లోనే ఉండిపోయాడు. ఫ్యాక్టరీ పని పేరుతో 382 మంది యూదుల ప్రాణాలు కాపాడినందుకు తర్వాత ఇజ్రాయెల్ ఆయన్ని గౌరవించింది. హెడ్డాఫీసుతో సంబంధం తెగిన ఆ ఏళ్లలో ఒక్కో దేశంలోని శాఖ దానంతట అదే బతకడం నేర్చుకుంది. యుద్ధం అయిపోయాక కూడా ఆ స్వతంత్రం వదులుకోలేదు. ఒక వైపు దేశాల శాఖలు, ఇంకో వైపు ఐండ్‌హోవెన్‌లోని ఉత్పత్తి విభాగాలు. నిర్ణయం ఎవరిదో తేలేది కాదు.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ వీడియో. 1979లో ఫిలిప్స్, గ్రుండిగ్‌తో కలిసి వీడియో 2000 అనే వీసీఆర్ (వీడియో క్యాసెట్ రికార్డర్) తెచ్చింది. క్యాసెట్‌ని తిప్పి రెండు వైపులా వాడుకోవచ్చు, మొత్తం 8 గంటలు. సాంకేతికంగా మంచి మిషన్. కానీ అప్పటికే మూడేళ్లుగా జపాన్ వాళ్ల వీహెచ్ఎస్ మార్కెట్లో ఉంది. అమెరికాలోని సొంత శాఖ, నార్త్ అమెరికన్ ఫిలిప్స్, తన మాతృసంస్థ చేసిన వీసీఆర్‌ని అమ్మలేదు. జపాన్‌లోని మత్సుషిత దగ్గర వీహెచ్ఎస్ మిషన్లు తీసుకుని తన పేరుతో అమ్ముకుంది.

దీన్ని చాలామంది శాఖల తలబిరుసుతనంగా చెప్తారు. నా అభిప్రాయం వేరు. అమెరికా శాఖకు అక్కడి కొనుగోలుదారు ఏం కావాలంటున్నాడో తెలుసు. ఆ మాట ఐండ్‌హోవెన్‌కి చెప్పినా వినే ఏర్పాటు లేదు. వినేవాళ్లు లేనప్పుడు ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు. మా ఆస్పత్రుల్లోనూ ఇంతే. స్టోర్స్ వాళ్లు మాట వినకపోతే డిపార్ట్‌మెంటు వాళ్లు సొంతంగా ఏదో అడాప్టర్ కొనుక్కుని తగిలించుకుంటారు.

1990లో కంపెనీ అధిపతిగా వచ్చిన యాన్ టిమ్మర్ 'ఆపరేషన్ సెంచూరియన్' పేరుతో 40 వేలకు పైగా ఉద్యోగాలు తీసేశాడు. ఐండ్‌హోవెన్ చుట్టుపక్కల ఎన్ని కుటుంబాలు తల్లడిల్లి ఉంటాయో ఒక పెద్ద ఫ్యాక్టరీ మూతపడ్డ ఊరివాళ్లెవరైనా ఊహించగలరు.

వదిలేసినవి, కొన్నవి

ఆ తర్వాతి ముప్పై ఏళ్ల కథ వదిలించుకోవడం. నాట్‌ల్యాబ్‌లో పుట్టిన చిప్ ముద్రణ యంత్రాన్ని అంతకు ముందే, 1984లో, ఏఎస్ఎం ఇంటర్నేషనల్‌తో కలిసి పెట్టిన ఏఎస్ఎంఎల్‌కి ఇచ్చారు. 1987లో తైవాన్‌లో చిప్పులు చేసే టీఎస్ఎంసీ మొదలైనప్పుడు ఫిలిప్స్ వాటా 27.5 శాతం. ఆ రెండు కంపెనీలు లేకుండా ఇవాళ సెల్‌ఫోన్ లేదు. రెండింటిలోనూ వాటాలు ఫిలిప్స్ మెల్లగా అమ్మేసుకుంది. 2006లో సొంత సెమీకండక్టర్ విభాగమూ పోయింది, ఇప్పుడు దాని పేరు ఎన్ఎక్స్‌పీ. టీవీలు చైనా సంబంధమున్న టీపీవీకి వెళ్లాయి. లైటింగ్ 2016లో విడిపోయి 2018లో సిగ్నిఫై అయింది. వంటింటి సామాను విభాగాన్ని 2021లో హిల్‌హౌస్ అనే పెట్టుబడి సంస్థకు 370 కోట్ల యూరోలకు అమ్మారు. 2011లో కొన్న చెన్నై ప్రీతి మిక్సీలూ ఆ మూటలోనే వెళ్లాయి. కాబట్టి మీ ఇంట్లో బల్బు మీద, ఎయిర్‌ఫ్రయ్యర్ మీద ఫిలిప్స్ అని ఉన్నా అది ఆ పేరు వాడుకునే వేరే కంపెనీ సరుకు. ట్రిమ్మరూ టూత్‌బ్రష్షూ మాత్రం ఇంకా ఫిలిప్స్‌వే.

చిప్పుల వాటా అమ్ముకోవడం తప్పని ఇప్పుడు చెప్పడం తేలిక. ఆ డబ్బు ఎటు వెళ్లిందో కూడా చూడాలి. 1998లో ఏటీఎల్ అల్ట్రాసౌండ్. 2001లో అజిలెంట్ హెల్త్‌కేర్, అంటే ఒకప్పటి హెచ్‌పీ వాళ్ల మానిటర్లూ ఎకో మిషన్లూ. అదే ఏడాది సీటీ స్కానర్లున్న మార్కోనీ మెడికల్. మన దేశంలో 2008లో ముంబైలోని ఆల్ఫా ఎక్స్‌రే, మెడిట్రానిక్స్. ఇప్పుడు కంపెనీ అమ్మకాలు ఏడాదికి సుమారు 1,800 కోట్ల యూరోలు, అందులో దాదాపు సగం స్కానర్లు, క్యాథ్‌ల్యాబులు (గుండె రక్తనాళాల్లోకి గొట్టం పంపి చూసే గదుల పరికరాలు), అల్ట్రాసౌండ్ల నుంచి వస్తుంది. 2018లో వచ్చిన వాళ్ల ఎంఆర్ఐ అయస్కాంతంలో హీలియం 7 లీటర్లే, మామూలుగా 1,500 లీటర్లు కావాలి. హీలియం నింపించడానికి తిరిగిన నాలాంటివాడికి దాని విలువ తెలుసు. అడిగినవాళ్ల మాట ఫ్యాక్టరీకి చేరిందనడానికి ఇది మంచి గుర్తు.

కొన్న కంపెనీల్లో ఇంకొకటి ఉంది. 2008లో సుమారు 500 కోట్ల డాలర్లకు తీసుకున్న రెస్పిరోనిక్స్. అమెరికాలోని పెన్సిల్వేనియా కంపెనీ. నిద్రలో ఊపిరి ఆగిపోయేవాళ్లకు మాస్కు ద్వారా గాలి ఊదే సీప్యాప్, బైప్యాప్ మిషన్లు చేసేది.

నురుగు ముక్క

సీప్యాప్‌లో గాలి ఊదే బ్లోయర్ శబ్దం చేస్తుంది. రాత్రంతా పక్కన పెట్టుకుని పడుకోవాల్సిన మిషన్, శబ్దం చేస్తే వాడరు. అందుకని గాలి దారిలో శబ్దం పీల్చుకునే నురుగు ముక్క పెడతారు. రెస్పిరోనిక్స్ వాడింది పాలియెస్టర్ రకం పాలీయురిథేన్. వేడికీ తేమకీ ఈ రకం రసాయనికంగా విడిపోతుంది, నల్లటి పొడిగా రాలుతుంది. తేమకు తట్టుకునే పాలీఈథర్ రకం ఉంది. దీన్ని పరిశోధనగా కాదు, మామూలు మెటీరియల్స్ పాఠంగా చదువుకుంటాం. ఊపిరితో తేమ నిండే మిషన్‌లో ఆ నురుగు గాలి దారిలో ఉంది. కాకినాడలోనో మచిలీపట్నంలోనో మే నెలలో ఏసీ లేని గదిలో ఆ మిషన్ ఉంటే ఏమవుతుందో ఆలోచించండి.

2021 ఏప్రిల్‌లో కంపెనీ తన త్రైమాసిక ఫలితాల్లో ఈ సమస్య ప్రస్తావించి 25 కోట్ల యూరోలు పక్కన పెట్టింది. జూన్ 14న రీకాల్ ప్రకటించింది. చివరికి ప్రపంచవ్యాప్తంగా లెక్క సుమారు 55 లక్షల మిషన్లకు చేరింది. కొన్ని వెంటిలేటర్లు కూడా అందులో ఉన్నాయి. ఆ తర్వాత మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే అమెరికా ఎఫ్‌డీఏ ఫ్యాక్టరీ తనిఖీ చేసింది. నురుగు పాడవుతోందని రీకాల్‌కి ఎన్నో ఏళ్ల ముందు నుంచే కంపెనీకి ఫిర్యాదులు వచ్చాయని తేలింది.

ఆ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పగిలిన ట్యూబు పట్టుకొచ్చిన డాక్టరు మాట విని ఒక పరిశ్రమనే మొదలుపెట్టిన కంపెనీ అది.

ఎఫ్‌డీఏకి చేరిన నివేదికలు లక్ష దాటాయి. వాటిలో 500కి పైగా మరణాల ప్రస్తావనలున్నాయి. నివేదిక వచ్చినంత మాత్రాన నురుగు వల్లే చనిపోయారని రుజువు కాదు, ఎఫ్‌డీఏ కూడా అలా అనలేదు. తర్వాత చేయించిన పరీక్షల్లో పెద్ద హాని జరిగే అవకాశం తక్కువని కంపెనీ చెప్పింది. ఆ పరీక్షలు చాలవని ఎఫ్‌డీఏ అంది. రిపేరు కూడా సాఫీగా సాగలేదు. కొన్ని ట్రిలజీ వెంటిలేటర్లలో కొత్తగా పెట్టిన సిలికాన్ నురుగు అతుకు ఊడుతోందని 2022 చివర్లో మళ్లీ హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో సీఈఓ ఫ్రాన్స్ వాన్ హౌటెన్ దిగిపోయి రాయ్ యాకబ్స్ వచ్చాడు. కొన్ని నెలల్లోనే రెండు విడతలుగా 10,000 ఉద్యోగాలు పోయాయి. షరతులు నెరవేర్చేదాకా అమెరికాలో కొత్త స్లీప్ మిషన్లు అమ్మకూడదని 2024 ఏప్రిల్‌లో ఒక కోర్టు ఒప్పందం కుదిరింది. అదే నెలలో గాయపడ్డామన్నవాళ్ల కేసుల్ని, తప్పు ఒప్పుకోకుండానే, 110 కోట్ల డాలర్లకు పరిష్కరించుకున్నారు.

కొన్న కంపెనీతో పాటు దాని ఫిర్యాదుల రిజిస్టరు కూడా వస్తుంది. లాభనష్టాల ఖాతాలు చూసినంత శ్రద్ధగా ఆ రిజిస్టరు చూసే మనిషి ఒకరు ఆ గదిలో ఉండాలి. నేను చదివినదాన్ని బట్టి నాకు కలిగిన నిశ్చయం ఇది.

మా రిజిస్టరు

ఆ రీకాల్ వార్త వచ్చిన సమయం మనకు మామూలు సమయం కాదు. కోవిడ్ సెకండ్ వేవ్ అప్పుడే తగ్గుతోంది. బైప్యాప్‌లు ఐసీయూల్లోనే కాదు, ఇళ్లల్లో, అద్దెకిచ్చే షాపుల్లో, ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి. మా డిపార్ట్‌మెంటు మూడు రోజులు కూర్చుని అన్ని బ్రాండ్ల మిషన్ల సీరియల్ నంబర్లూ రాసింది. వార్డుల మధ్య చేతులు మారిన మిషన్లు కొన్నింటికి రికార్డే లేదు. అది మా తప్పు.

అప్పుడు నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో వేరే ఆస్పత్రిలో ఒక సిస్టర్ వచ్చి, "సార్, ఆ మిషన్ ఆన్ చేస్తే ఏదో కాలిన వాసన వస్తోంది" అంది. వెళ్లి చూశాను. వాసన రాలేదు. ఫిల్టర్ తుడిచి, 'సమస్య లేదు' అని రాసి కాల్ మూసేశాను. పది రోజులకు అదే మిషన్ ఫ్యాన్ ఆగిపోయింది. రోగికి ఏమీ కాలేదు, పక్కనే ఇంకో మిషన్ ఉంది. కానీ ఆ కాల్ షీటులో నా సంతకం ఉంది. కంపెనీ ఇంజనీరుకి చెప్పేటప్పుడు కూడా ఫ్యాన్ ఫెయిల్ అని మాత్రమే చెప్పాను, వాసన సంగతి చెప్పలేదు. సిస్టర్ మాట నా దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు మా బ్రేక్‌డౌన్ రిజిస్టరులో ఒక కాలమ్ పెంచాం. మిషన్ నడుస్తున్నా సరే, వాసన, శబ్దం, వేడి, పొడి, ఏది తేడాగా అనిపించినా సిస్టర్లు రాయాలి. 'సమస్య లేదు' అని రాసి మూయడానికి జూనియర్లకు అధికారం లేదు, నేనో నా పైవాళ్లో చూడాలి. ఒకే మాట రెండోసారి వస్తే కంపెనీకి మెయిల్ వెళ్తుంది. దేశంలో పరికరాల వల్ల జరిగే ఇబ్బందుల్ని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ ఫారం కూడా నింపుతాం. మొదట్లో సిస్టర్లు విసుక్కున్నారు, ఇప్పుడు అలవాటైంది.

కిందటి వారం నైట్ డ్యూటీలో ఒక సిస్టర్ ఇలా రాసింది: బెడ్ 7, బైప్యాప్, మామూలు కన్నా శబ్దం ఎక్కువ, పేషెంట్ బాగానే ఉన్నారు. ఉదయం మిషన్ మార్చి, దాన్ని టేబుల్ మీద పెట్టి విప్పాం. ఇన్‌లెట్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయింది, బ్లోయర్ బేరింగ్ కూడా వదులైంది. ఫిల్టర్ మార్చాం. బ్లోయర్ ఆర్డర్ పెట్టాం. శబ్దం సంగతీ, ఎన్ని గంటలు నడిచాక మొదలైందన్న సంగతీ రాసి కంపెనీకి పంపాం. సాయంత్రం ఆ సిస్టర్ డ్యూటీకి రాగానే పిలిచి విప్పిన బ్లోయర్ చూపించాను.